టెక్ సందేహాలు: పైనుంచి చూసి అది ఇల్లో, గోడౌనో చెప్పగలమా?

ప్రశ్న: ఎం.టెక్. ప్రాజెక్టు కోసం ఘట్‌కేసర్ వైపు కొన్నేళ్లుగా ఇళ్లు ఎంత పెరిగాయో ఉపగ్రహ చిత్రాలతో లెక్క తీయాలి. డబ్బు పెట్టకుండా కుదురుతుందా? ఇంటికీ గోడౌన్‌కీ తేడా కంప్యూటర్ పట్టుకుంటుందా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: డబ్బు పెట్టకుండా కుదురుతుంది. ఇల్లా, గోడౌనా అన్నది మాత్రం చిత్రం ఒక్కటే చూసి గట్టిగా చెప్పలేం.

యూరప్ వాళ్ల సెంటినెల్-2 ఉపగ్రహం తీసే చిత్రాలు ఉచితం. కానీ వాటిలో ఒక్కో పిక్సెల్ 10 మీటర్ల చదరం, అంటే మన లెక్కలో దాదాపు 120 గజాలు. 200 గజాల ప్లాటుకి రెండు పిక్సెళ్లు కూడా రావు. కాలనీ ఎటు పాకిందో తెలుస్తుంది గానీ ఇళ్లు లెక్కపెట్టలేరు. అందుకు గూగుల్ ‘ఓపెన్ బిల్డింగ్స్’ డేటా దించుకోండి. 50 సెంటీమీటర్ల స్పష్టత ఉన్న చిత్రాల నుంచి గుర్తించిన కట్టడాల హద్దులు, విస్తీర్ణం అందులో ఉంటాయి. 2016 నుంచి 2023 వరకు ఏటా మార్పు చూపే డేటా కూడా విడిగా ఇచ్చారు. రెండూ క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాప్ సాఫ్ట్‌వేర్‌లో తెరవొచ్చు.

ఏ కట్టడం దేనికి వాడుతున్నారో మాత్రం అందులో లేదు. అసలు పని మీకు అక్కడే ఉంది. కోళ్ల షెడ్డు సన్నగా, పొడుగ్గా, విడిగా ఉంటుంది. గోడౌన్ కప్పు పెద్దది, ముందు లారీ తిరిగే జాగా ఉంటుంది. ఇళ్లు చిన్నవి, దారి పొడుగునా వరసగా ఉంటాయి. ఆకారం, విస్తీర్ణం, పక్క కట్టడానికి దూరం మోడల్‌కి (ఉదాహరణలు చూసి నేర్చుకునే ప్రోగ్రామ్‌కి) ఇస్తే చాలావరకు విడిపోతాయి. కింద షాపు, పైన కాపురం ఉంటే మాత్రం ఏ ఉపగ్రహమూ చెప్పలేదు. వాటికి ‘మిశ్రమం’ అని వేరే తరగతి పెట్టండి.

మన దగ్గర ఇంకో చిక్కు వెంచర్లు. రోడ్లు వేసి, రాళ్లు పాతి, ఒక్క ఇల్లూ లేకుండా ఏళ్ల తరబడి ఉంటాయి. మోడల్ వాటిని ఖాళీ నేల అంటుంది, కానీ అక్కడ సాగు ఆగిపోయింది. వీటిని వదిలేస్తే మీ లెక్క తప్పుతుంది. గళ్లుగళ్లుగా ఉన్న మట్టిరోడ్లను బట్టి చేత్తో గుర్తు పెట్టండి. వేసవిలో ఎండిన పొలాన్ని కూడా మోడల్ కట్టడమనుకోవచ్చు. వానలయ్యాక తీసిన చిత్రంతో పోల్చండి, పొలమైతే పచ్చబడుతుంది.

మోడల్ శిక్షణకి వాడిన కాలనీలోనే దానికి పరీక్ష పెట్టకండి, మార్కులు ఊరికే ఎక్కువొస్తాయి. వేరే మండలంలో కొన్ని కట్టడాలు ఎంచుకుని, స్వయంగా వెళ్లి చూసి రాసుకుని, మోడల్ చెప్పినదాన్ని ఆ జాబితాతో సరిపోల్చండి.