లిగమెంట్ తెగిన మణికట్టును కండరాలు ఎలా నిలబెడతాయి?

లిగమెంట్ (ఎముకలను కలిపి ఉంచే గట్టి పట్టీ) దెబ్బతిన్న తరువాత వ్యాయామంతో మణికట్టు స్థిరపడుతుందా అన్న ప్రశ్నకు, తరచుగా గాయపడే స్కాఫోలూనేట్ లిగమెంటును ఉదాహరణగా తీసుకుంటాను.

మణికట్టులో చిన్న ఎముకలు రెండు వరుసలుగా ఉంటాయి. ఈ లిగమెంట్ కలిపి ఉంచే స్కాఫాయిడ్, లూనేట్ ఎముకలు ముంజేతి వైపు వరుసలోవి; వాటికి ఏ టెండనూ (కండరాన్ని ఎముకకు కలిపే తాడు) నేరుగా అతుక్కోదు. ముంజేతి కండరాలు వాటిని దాటిపోయి, వేళ్ల వైపున ఉన్న ముందు వరుస ఎముకలను, అరచేతి ఎముకలను లాగుతాయి కనుక, వాటి ప్రభావం ఈ రెండింటిపై పరోక్షంగానే పడుతుంది. పిడికిలి గట్టిగా బిగించినప్పుడు ఆ ముందు వరుస, అరచేయి కిందికి తిరిగే దిశలో మెలిపడి, స్కాఫోలూనేట్ లిగమెంటును సాగదీస్తుంది. బొటనవేలి వైపున ఉండే ఎక్స్‌టెన్సర్ కార్పి రేడియాలిస్ లాంగస్, అబ్‌డక్టర్ పాలిసిస్ లాంగస్ కండరాలు ఆ వరుసను ఎదురు దిశలో తిప్పి ఆ ఒత్తిడిని తగ్గిస్తాయి. చిటికెనవేలి వైపున ఉండే ఎక్స్‌టెన్సర్ కార్పి అల్నారిస్ మాత్రం మెలికను పెంచుతుంది; అందుచేత, ఈ గాయంలో దానిని విడిగా బలపరచడం తగదు. బార్సిలోనా శస్త్రవైద్యుడు మార్క్ గార్సియా-ఎలియాస్ బృందం శవాల మణికట్లపై చేసిన ప్రయోగాలు ఈ తేడాను స్పష్టం చేశాయి. కాబట్టి బంతిని పిసకడం వంటి వ్యాయామాన్ని తొలి వారాల్లోనే సొంతంగా మొదలుపెట్టవద్దని గట్టిగా చెబుతాను.

బలంతో పాటు, కండరాలు సరైన క్షణంలో బిగియడం కూడా ముఖ్యమే. లిగమెంటులోని నాడీ గ్రాహకాలు కీలు కదలికను గుర్తించి, రక్షక కండరాలను అసంకల్పితంగా బిగిస్తాయి. గాయంతో ఈ సంకేతాలు బలహీనపడతాయి కనుక ఫిజియోథెరపీలో కీలు స్థితిని గ్రహించే శిక్షణ కూడా ఇస్తారు.

పాక్షికంగా తెగినప్పుడు ఇవన్నీ ఎక్కువగా ఉపకరిస్తాయి. పూర్తిగా తెగి, విశ్రాంతిలో తీసిన ఎక్స్‌రేలోనూ ఎముకల మధ్య ఖాళీ కనిపిస్తే, కండరాలు దానిని పూడ్చలేవు. చేతి శస్త్రవైద్యుణ్ణి త్వరగా సంప్రదించాలి.