దాపటెద్దును కూడా చూడమ్మా

నోవై, మిషిగన్, ఆదివారం రాత్రి

చిట్టితల్లి సింధూకి,

పెదనాన్న దీవెనలు. పొద్దున మీ నాన్న తెనాలి నుంచి ఫోన్ చేశాడు. "సింధు సొంత డబ్బుతో కారు కొంటోందట అన్నయ్యా, ప్లగ్-ఇన్ హైబ్రిడ్డట, అదేమిటో నువ్వే చూడాలి" అన్నాడు. ఆ మాట మీ పెద్దమ్మకి మూడుసార్లు చెప్పాను. మన ఇంట్లో ఆడపిల్ల తన జీతంతో, అప్పు లేకుండా కారు కొనడం ఇదే మొదలు. అంత సంతోషంలోనూ గుండెల్లో ఏదో కలుక్కుమంది. నిద్ర పట్టలేదు. లేచి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

నువ్వు పంపిన ప్రకటన చూశాను. 2018 షెవీ వోల్ట్, 71 వేల మైళ్లు. ఎంపికను తప్పుపట్టను. ఆ మోడల్ కొత్తలో ఒక్క ఛార్జింగ్‌కి 53 మైళ్లు వెళ్లేది. నీ ఆఫీసుకి రానూపోనూ 34 మైళ్లు అన్నావు కాబట్టి చాలా రోజులు పెట్రోలు అక్కర్లేదు. టైటిల్ అనే యాజమాన్య పత్రం శుభ్రంగా ఉందో లేదో చూసుకో, బండి పాత చరిత్ర చెప్పే కార్‌ఫ్యాక్స్ నివేదిక తెప్పించుకో, డబ్బు ఇవ్వకముందే బయటి మెకానిక్‌కి చూపించు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నీకు తెలియనిది ఒకటి చెప్పాలి. మీ తాతయ్య ఎడ్లు కొనడానికి సంతకి వెళ్లినప్పుడు నన్ను వెంట తీసుకెళ్లేవాడు. అందరూ పళ్లు చూసి, గిట్టలు చూసి బేరం ఆడేవాళ్లు. ఆయన మాత్రం జతని బరువు బండికి పూన్చి ఇసుకలో నడిపించమనేవాడు. వలపటెద్దు ఊపుగా లాగుతుంటే దాపటెద్దు ఊరికే పక్కన నడుస్తూ ఉండొచ్చు. గట్టి నేల మీద అది బయటపడదు. ఇసుకలోకి దిగితే బండి ఒక పక్కకి తిరిగిపోతుంది.

ప్లగ్‌లో పెట్టి ఛార్జ్ చేసుకునే ఈ ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కూడా అలాంటి జతే. బ్యాటరీ, మోటారు ఒక ఎద్దు. పెట్రోల్ ఇంజన్ రెండో ఎద్దు. అమ్మేవాడు నీకు మొదటిదాన్నే చూపిస్తాడు. రెండోదాన్ని చూడకుండా కొన్నది నేను.

ఈ సంగతి మీ నాన్నకి ఇప్పటికీ తెలియదు. 2017 నవంబర్‌లో నాలుగేళ్ల ప్లగ్-ఇన్ ఒకటి కొన్నాను. ఏ కంపెనీదో, ఎవరి దగ్గరో ఇప్పుడు అనవసరం. 11,500 డాలర్లు. అప్పటికే ఈ ఊళ్లో కార్ల వైరింగ్ పనిలో ఇరవై ఏళ్లు చేశాను, నాకు తెలియనిదేముంటుంది అనుకున్నాను. అతను బండిని నిండా ఛార్జ్ చేసి ఉంచాడు. మీ పెద్దమ్మ, నేను ఇరవై నిమిషాలు తిప్పాం. ఎక్కడా చప్పుడు లేదు. పూజ గదిలో కూర్చున్నట్టుంది అంది మీ పెద్దమ్మ. బానెట్ ఎత్తి చూస్తే ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం, కూలెంట్, కొత్తగా, మెరుస్తూ, గీత దాకా నిండి ఉంది. బాగా చూసుకున్న బండి అనుకున్నాను. నాలుగేళ్ల బండిలో కూలెంట్ కొత్తగా ఎందుకుంది అని అడగాలని తోచలేదు. ఆ ఇరవై నిమిషాల్లో ఇంజన్ ఒక్కసారి కూడా స్టార్ట్ కాలేదు. అది కూడా నాకు తట్టలేదు.

రెండు నెలలు ఆఫీసుకి, ఇంటికి కరెంటు మీదే తిరిగాను. చలికి ఎప్పుడైనా ఇంజన్ వచ్చినా రెండు నిమిషాలు నడిచి ఆగిపోయేది. జనవరిలో మీ నాయనమ్మని పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరస్వామి గుడికి తీసుకెళ్దామని బయల్దేరాం. అమ్మ ఇక్కడికి వచ్చిన దగ్గర్నుంచీ అడుగుతూనే ఉంది. ఐ-75 మీద టొలీడో చేరకముందే ఛార్జ్ అయిపోయింది, ఇంజన్ అందుకుంది. కాసేపటికి తియ్యటి వాసన మొదలైంది. ఒహాయో టర్న్‌పైక్ ఎక్కిన అరగంటకి బండి వణకడం మొదలుపెట్టింది. పవర్ తగ్గిందని తెర మీద అక్షరాలు వచ్చాయి. వెనక ట్రక్కులు హారన్ కొడుతుంటే ఎలాగో పక్కకి తీసి ఆపాను.

బయట మైనస్ పన్నెండు. టో ట్రక్కు రావడానికి గంటా నలభై నిమిషాలు పట్టింది. ఇంజన్ లేదు, బ్యాటరీ లేదు, హీటర్ లేదు. ప్రతి ట్రక్కు గాలికి కారు ఊగిపోయేది. అమ్మకి డెబ్బై నాలుగేళ్లు. మీ పెద్దమ్మ ఆవిడ పాదాల్ని తన ఒళ్లో పెట్టుకుని రుద్దుతూనే ఉంది. గుడిలో ఇద్దామని తెచ్చిన కొత్త చీర విప్పి కాళ్లకి చుట్టాం. అమ్మ మాత్రం "నాకేం చలి లేదురా, నువ్వు గాభరా పడకు" అంటూనే ఉంది. చెయ్యి పట్టుకుంటే మంచుముక్కలా ఉంది. ఆ చెయ్యి నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది.

మెకానిక్ హెడ్ గ్యాస్కెట్, అంటే కూలెంట్ ఇంజన్ లోపలికి కారకుండా ఆపే పొర, పోయిందన్నాడు. పాత యజమాని రోజూ ఛార్జ్ చేసుకుని తిరిగాడు. ఇంజన్ నడిచేదే కాదు కాబట్టి దాని సంగతి ఎవరికీ పట్టలేదు, ఆయిల్ ఏళ్ల తరబడి మార్చలేదు. లోపలికి కారిన కూలెంట్‌ని పైనుంచి నింపి అమ్మేశారు. 4,300 డాలర్ల బిల్లు. డబ్బు పోతే పోయింది. అమ్మ మళ్లీ అమెరికా రాలేదు, పిట్స్‌బర్గ్ గుడి చూడలేదు. మంచు పడి వెనక్కి వచ్చేశామని మీ నాన్నకి చెప్పమని ఆవిడే అంది.

అందుకే తల్లీ, నువ్వు నడిపి చూసేటప్పుడు ఇంజన్ చల్లగా ఉండాలి, బ్యాటరీ ఖాళీగా ఉండాలి. ఒకవేళ ఛార్జ్ ఉంటే వోల్ట్‌లో 'హోల్డ్' మోడ్ ఉంది, అది పెట్టు, ఇంజన్ అందుకుంటుంది. హైవే మీద కనీసం అరగంట నడుపు. కూలెంట్ కాలే తియ్యటి వాసన, పొగ గొట్టంలోంచి ఆగని తెల్లపొగ, వణుకు, ఏది కనిపించినా దిగి వచ్చేయ్. చల్లారాక ఆయిల్ మూత తీసి అడుగున చూడు. మజ్జిగలాంటి మీగడ ఉంటే అనుమానించు. చలికాలపు చిన్న ప్రయాణాల తేమకీ అలా వస్తుంది, కూలెంట్ కలిసినా వస్తుంది, ఏదో మెకానిక్‌నే తేల్చమను. ఇంజన్ తక్కువ నడిచే బండికి ఆయిల్‌ని మైళ్లు చూసి కాదు, కాలం చూసి మార్చాలి. రసీదులు అడుగు. మాటలొద్దు, కాగితాలు కావాలి.

ఇప్పుడు మొదటి ఎద్దు సంగతి. తెర మీద కనిపించే మైళ్ల అంకెను నమ్మకు. అది మొన్నటిదాకా నడిపినవాడి కాలిని బట్టి, వాతావరణాన్ని బట్టి మారుతుంది. ఇంజన్ పరీక్ష అయ్యాక నిండా ఛార్జ్ చేసి, ఇంజన్ అందుకునేదాకా నడిపి, ఎన్ని కిలోవాట్ అవర్ల కరెంటు వాడిందో తెర మీద చూడు. ఈ వోల్ట్ బ్యాటరీ 18.4 కిలోవాట్ అవర్లది, అందులో వాడుకోనిచ్చేది 14 దరిదాపు. పన్నెండు దాటితే ఈ వయసుకి నేను సంతోషిస్తాను. దీని బ్యాటరీకి కూలెంట్‌తో చల్లదనం ఉంది కాబట్టి ఎండని బాగానే తట్టుకుంటుంది. మీ ఫ్రెండ్ చెప్పిన ఫోర్డ్ ఫ్యూజన్ ఎనర్జీలో అది లేదు, క్యాబిన్ గాలితోనే చల్లబడాలి. పైగా చిన్న బ్యాటరీ, రోజూ అడుగంటా ఖాళీ అవుతుంది. అరిజోనా ఎండలో తిరిగినదైతే దాని జోలికే పోకు.

వోల్ట్‌కి ఉన్న జబ్బులు మూడు. 2016 నుంచి వచ్చిన వాటిలో బ్యాటరీని కనిపెట్టి ఉండే కంట్రోల్ మాడ్యూల్ పోతుంది. ఉన్నట్టుండి పవర్ తగ్గిపోతుంది. అది బ్యాటరీ లోపల ఉంటుంది, మొత్తం కిందికి దించాలి. ఈ కారు తయారీ 2019లోనే ఆగిపోయింది కాబట్టి పార్ట్ కోసం ఎదురుచూపు తప్పకపోవచ్చు. ముందే మార్చి ఉంటే, కాగితం ఉంటే, అది నీ అదృష్టం. రెండోది, గేర్ పార్క్‌లో పెట్టినా పార్క్‌లో పెట్టమనే బండి అంటుంది, ఆఫ్ అవదు. గేర్ లివర్‌లోని చిన్న స్విచ్ వల్ల వచ్చే తంటా అది. పది సార్లు పార్క్‌లో పెట్టి, ఆఫ్ చేసి చూడు. మూడోది, బ్యాటరీ కూలెంట్ కాస్త తగ్గినా ఛార్జింగ్ తీసుకోదు. బానెట్ కింద కూలెంట్ డబ్బాలు ఒకటికి మించి ఉంటాయి, అన్నిటిలోనూ గీత చూడు. గీత దగ్గర ఉండటమే కాదు, ఎప్పుడు నింపారో కూడా అడుగు. నేను అడగని ప్రశ్న అదే.

డిక్కీ అడుగున మామూలు 12 వోల్టుల బ్యాటరీ ఒకటి ఉంటుంది. అది నీరసపడితే తెర నిండా హెచ్చరికలు వస్తాయి, పెద్ద బ్యాటరీ పోయిందని మనుషులు హడలిపోతారు. ముందు దాన్ని పరీక్ష చేయించు. బ్రేకులు కూడా చూడు. మోటారే బండిని నెమ్మదింపజేస్తుంది కాబట్టి బ్రేకులు వాడకం లేక, రోడ్ల మీద చల్లే ఉప్పుకి తుప్పు పడతాయి.

బ్యాటరీ వారంటీ 8 ఏళ్లు లేదా లక్ష మైళ్లు, ఏది ముందైతే అది. లెక్క మొదటిసారి అమ్మిన తారీఖు నుంచి, మోడల్ సంవత్సరం నుంచి కాదు. ఆ తారీఖు కనుక్కో. వారంటీ ఇంకా చాలా ఉంది అని అతను అంటే నమ్మకు.

అల్లుడు క్రైస్లర్ పసిఫికా హైబ్రిడ్ అయితే బిడ్డకి, సామానుకి విశాలంగా ఉంటుందన్నాడట. అతని మాట తీసేయాలని కాదు. కానీ 2017, 2018 పసిఫికా హైబ్రిడ్లు ఆపి ఉంచినప్పుడు కూడా మంటలు అంటుకుంటున్నాయని 2022 ఫిబ్రవరిలో రీకాల్ చేశారు. ఛార్జ్ పెట్టొద్దు, ఇంటికి దూరంగా బయట పెట్టుకోండి అన్నారు. 2024లో 2021 దాకా వచ్చినవాటికి మళ్లీ రీకాల్ వచ్చింది. జీప్ రాంగ్లర్ ఫోర్ ఎక్స్ ఈ అనే ప్లగ్-ఇన్ కూడా అదే దారి. మీ టౌన్‌హోమ్‌లో గ్యారేజీ మీదే పడకగది. ఫిబ్రవరికి ఆ గదిలో ఉయ్యాల కూడా ఉంటుంది. ఏ బండి అయినా సరే, బండి గుర్తింపు సంఖ్య అయిన 17 అక్షరాల విన్ నంబర్‌ని అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో కొట్టి, రీకాల్ పనులు అయ్యాయో లేదో చూడందే సంతకం పెట్టకు. రాత్రిపూట ఎక్స్‌టెన్షన్ తీగతో ఛార్జ్ పెట్టకు. గోడ ప్లగ్ చేత్తో పట్టుకుని చూడు. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు, కాలుతుంటే వెంటనే తీసేసి ఎలక్ట్రీషియన్‌ని పిలువు. ఈ విషయంలో పెదనాన్నకి చాదస్తం అనుకున్నా సరే, నా మాట విను.

నీకు మోటార్లు తెలియవని ఈ ఉత్తరం రాయడం లేదు. నువ్వు ఆరో క్లాసులో మా ఇంటికి వచ్చినప్పుడు మిక్సీ విప్పి మళ్లీ బిగించావు, మీ పెద్దమ్మ ఇప్పటికీ చెబుతుంది. నీకు తెలివి ఉంది, నాకు కూడా ఉందనే అనుకున్నాను. ఆ రోజు నిశ్శబ్దం చూసి మురిసిపోయాను, అంతే.

శనివారం పొద్దున తొమ్మిదికల్లా కొలంబస్‌లో ఉంటాను. నా కారులో వస్తాను, టార్చిలైటూ, బండి కంప్యూటర్‌లోని లోపాలు చదివే ఓబీడీ రీడరూ నేనే తెస్తాను. పెద్దమ్మ నీకు గోంగూర పచ్చడి కట్టి ఇస్తానంది. శుక్రవారం రాత్రి ఆ అమ్మేవాడికి ఫోన్ చేసి గట్టిగా చెప్పు, బండికి ఛార్జ్ పెట్టొద్దని, మేం వచ్చేదాకా ఇంజన్ స్టార్ట్ చేయొద్దని. ఎందుకని అడిగితే మా పెదనాన్న చెప్పారని చెప్పు.

ప్రేమతో
పెదనాన్న