మందు మీద ఉన్నప్పుడు ఆన్‌లైన్ రమ్మీ జోలికి పోకుండా ఉండాలంటే

రాత్రి రెండు పెగ్గులు పడగానే చేయి ఆన్‌లైన్ రమ్మీ మీదికి పోతోందనీ, పొద్దున చూసుకుంటే ఖాతా ఖాళీగా ఉంటోందనీ, ఎలా ఆపుకోవాలో చెప్పమనీ అడిగారు. ఇలా అడిగినవాళ్లకు మనవాళ్లు ఇచ్చే సలహా ఒకటే: మనసు గట్టి చేసుకో, పెళ్లాం పిల్లల్ని తలుచుకో. నాకు ఈ మాట వింటేనే ఒళ్లు మండుతుంది. ఆ టైమ్‌లో మనసు మన చేతిలో ఉంటే కదా గట్టి చేసుకోవడానికి! పైగా మతి తప్పించేది మందొక్కటే అనుకుంటారు. నిద్ర లేకపోయినా, ఇంట్లో చావు జరిగినా, ఆఖరికి డాక్టరు రాసిన మాత్ర వల్ల కూడా అలా కావచ్చు. ఆ మాత్ర సంగతి నేను కళ్లారా చూశాను.

మా మేనమామ గుంటూరు దగ్గర లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. సంక్రాంతికి అరుగుల మీద పేకాట మొదలైతే ఆ వీధిలోంచి వెళ్లకుండా చుట్టు తిరిగి వెళ్లే మనిషి. పార్కిన్సన్స్ వచ్చి చేయి వణకడం మొదలయ్యాక డాక్టరు ప్రామిపెక్సోల్ అనే మాత్ర రాశారు. వణుకు తగ్గింది, నడక బాగుపడింది, అందరం సంతోషించాం. ఆ తర్వాత బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్న మా బావ దగ్గరికి వెళ్లారు. 2020 నుంచీ ఆంధ్రలో ఆన్‌లైన్ రమ్మీ మీద నిషేధం ఉంది, తెలంగాణలో 2017 నుంచే ఉంది. లొకేషన్ ఇక్కడుంటే ఆ యాప్‌లు డబ్బు పెట్టి ఆడనిచ్చేవి కావు. కర్ణాటకలో పెట్టిన నిషేధాన్ని మాత్రం 2022లో అక్కడి హైకోర్టు కొట్టేసింది. మామయ్యకు ఆ ఊళ్లో తలుపు బార్లా తెరిచి ఉంది.

ఆఫీసు పని మీద వెళ్లి వాళ్లింట్లో దిగినప్పుడు, మంచినీళ్ల కోసం అర్ధరాత్రి దాటాక లేచాను. వంటింటి గట్టు పక్కన లైటు కూడా వేసుకోకుండా స్టూలు మీద కూర్చుని ఉన్నారు. స్క్రీన్ మీద పదమూడు ముక్కలు. కుడిచేయి వణుకుతుంటే ఎడమచేత్తో మణికట్టు గట్టిగా పట్టుకుని, బొటనవేలితో ముక్క లాగుతున్నారు. "మామయ్యా, పడుకోలేదా?" అన్నాను. తల ఎత్తలేదు. "ఉండరా, ప్యూర్ సీక్వెన్స్ పడింది, ఇంకొక్క ముక్క వస్తే షో" అన్నారు. ఆ ముక్క రాలేదు. ఆట అయిపోగానే డబ్బు వేయమని బటన్ వచ్చింది, నొక్కారు, పిన్ కొట్టారు, మళ్లీ ముక్కలు పడ్డాయి. అరనిమిషం కూడా పట్టలేదు. జీవితమంతా పిల్లలకు సంభావ్యత చెప్పిన మనిషి "ఇన్నిసార్లు పోయింది కాబట్టి ఇప్పుడు రావాలి" అని నాతో వాదించారు.

తెల్లారాక బావ లెక్క చూస్తే ఎఫ్‌డీలు కూడా విరగ్గొట్టారు, ఆరు లక్షల పైచిలుకు పోయింది. ఇక్కడ బ్యాంకుల మీద ఒక మాట అనకుండా ఉండలేను. నామినీ పేరు మార్చడానికి పగలు వెళ్తే మూడు ఫారాలు, రెండు ఫోటోలు అడుగుతారు. అదే ఎఫ్‌డీ అర్ధరాత్రి రద్దు చేయడానికి ఒక ఓటీపీ చాలు. ముసలాయన రాత్రి రెండింటికి ఎఫ్‌డీ ఎందుకు తీస్తున్నాడని అడిగే నాథుడే లేడు.

బంధువులు "ముసలితనంలో బుద్ధి గడ్డి తింది" అన్నారు. అది అన్యాయం. ప్రామిపెక్సోల్, రోపినిరోల్ జాతి మందులకు జూదం పిచ్చి పట్టించే గుణం ఉందని వైద్యులకు ఎప్పటినుంచో తెలుసు. 2010లో అమెరికా, కెనడాలలో మూడు వేల మందికి పైగా పార్కిన్సన్స్ రోగులను చూసి రాసిన అధ్యయనంలో, ఈ రకం మందులు వాడేవాళ్లలో సుమారు 17 శాతం మందికి జూదమో, అతిగా కొనడమో, అతిగా తినడమో ఇలాంటి అదుపు తప్పిన యావ ఏదో ఒకటి కనిపించింది. మాకు ఆ ముక్క ముందు ఎవరూ చెప్పలేదు. డాక్టరుగారు ఒక్కసారిగా ఆపకుండా మోతాదు మెల్లమెల్లగా తగ్గించి వేరే మందుకు మార్చాక, ఆ యావ దానంతటదే పోయింది. ఎవరూ నీతులు చెప్పలేదు, ఒట్లు వేయించలేదు.

అందుకే మీకు చెప్పేది: తాగిన మనిషితో వాదించకండి, ఆ మనిషి మీరే అయినా సరే. తాగని పూట కూర్చుని, ఆ రాత్రి మీకు డబ్బు అందకుండా చేసేయండి. జీతం పడే ఖాతాను ఫోన్‌లోని యూపీఐ నుంచి పూర్తిగా తీసేయండి. కూరగాయలకు, ఆటోకు సరిపడా డబ్బుండే చిన్న ఖాతా ఒకటి ఉంచుకోండి, అది ఖాళీ అయినా కొంప మునగదు. దాచుకున్నది మీ ఆవిడా మీరూ ఇద్దరూ సంతకం పెడితేనే కదిలే ఖాతాలో వేయండి. కార్డుకు ఆన్‌లైన్ వాడకం బ్యాంకు యాప్‌లోనే ఆపుకోవచ్చు. లోన్ యాప్‌లు ఒక్కటి కూడా మిగల్చకండి, ఎందుకంటే ఉన్న డబ్బు పోవడంకన్నా లేని డబ్బు పోవడమే మనుషుల్ని ఎక్కువ ముంచింది. సీసా తీసేముందే ఫోన్ మీ ఆవిడ చేతికిచ్చి, పొద్దున అడిగితేనే ఇవ్వమనండి.

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధిస్తూ 2025 ఆగస్టులో కేంద్రం చట్టం తెచ్చింది కదా, ఇంకెక్కడి రమ్మీ అంటారేమో. పెద్ద యాప్‌లు డబ్బు ఆటలు ఆపేశాయి, నిజమే, నేను చాలా సంతోషించాను. "బాధ్యతగా ఆడండి" అని ప్రకటన చివర్లో గబగబా చదివేసే గొడవ కూడా తప్పింది. కానీ టెలిగ్రామ్‌లో లింకు పంపి, ఎవరిదో ఊరూ పేరూ తెలియని ఖాతాకు డబ్బు వేయించుకునే విదేశీ సైట్లు ఇంకా ఉన్నాయి. మీరు ఇప్పటికీ ఆడుతున్నారంటే అక్కడే ఆడుతుండాలి. గెలిచినా ఆ డబ్బు వస్తుందన్న పూచీ లేదు. ఆడినవాళ్లకు ఆ కేంద్ర చట్టంలో శిక్ష లేదు, ఏదేమైనా సాయం అడగడానికి భయపడకండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలీమానస్, దాని నంబరు 14416కు ఏ వేళ చేసినా తెలుగులో మాట్లాడతారు. తాగుడు, ఆట రెండూ కలిపే చెప్పండి. వణుక్కో, రాత్రి కాళ్లు లాగడానికో, నిద్రకో ఏవైనా మాత్రలు వాడుతుంటే ఆ చీటీ పట్టుకెళ్లి, వీటివల్ల ఇలా అవుతుందా అని మీ డాక్టరును సూటిగా అడగండి. మీ అంతట మీరు మాత్రం ఆపేయకండి.