రేకు అతికే పని నేర్చుకుంటానంటున్నాడు, ఒప్పుకోవాలా?

ప్రశ్న: మావాడు ఈ ఏడాది పది పాసయ్యాడు. సెలవుల్లో వరంగల్ ఆటోనగర్‌లో వాళ్ల మేనమామ షెడ్డుకు పోయి, పాత మారుతి వ్యాన్లకు తలుపుల కింద తుప్పు పట్టిన చోట కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయడం చూశాడు. ఇప్పుడు అదే నేర్చుకుంటానంటున్నాడు. నేను మూడు నెలల ఈవీ (ఎలక్ట్రిక్ వాహనాల) టెక్నీషియన్ కోర్సు అనుకుంటున్నా. నలుగురిలో చెప్పుకోవడానికీ బాగుంటుంది. ఏది మేలు?
– ఒక తండ్రి, పరకాల

జవాబు: మీ ప్రశ్నలో అసలు సంగతి ఆ 'నలుగురు'. కారు తలుపు సొట్టపోతే మంచి మేస్త్రీ కోసం ఆటోనగర్‌లో పూటంతా కూర్చుంటాం. అదే పని మన కొడుకు చేస్తానంటే చిన్నతనంగా అనిపిస్తుందా? ఇలా అడిగే తండ్రులు నాకు కొత్త కాదు. మీరు కోప్పడినా సరే, వాడి ముందు ఈ మాట మళ్లీ అనకండి.

ఇక ఈవీ కోర్సు. ఆ రంగం మీద నాకు అనుమానం లేదు, మూడు నెలల సర్టిఫికెట్ మీదే అనుమానం. ఐటీఐలో మెకానిక్ ఎలక్ట్రిక్ వెహికల్ ట్రేడు రెండేళ్లు. టాటా టెక్నాలజీస్‌తో కలిసి మన ప్రభుత్వం ఏటీసీలుగా, అంటే అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చేందుకు తీసుకున్న 65 ఐటీఐలలో ఈ రంగానికి చోటిచ్చారు. రెండేళ్లు పట్టే చదువును మూడు నెలల్లో ఇస్తామనే వాళ్లను, హై వోల్టేజ్ బ్యాటరీ ప్యాక్ విప్పి చూపిస్తారా అని అడగండి. ఫీజు కట్టేది ఆ తర్వాతే. పైగా ఈవీకి ఇంజిన్ ఉండదు గానీ తలుపులు, వాటి కింద ఉండే రన్నింగ్ బోర్డు ఉంటాయి. వాటికీ సొట్టలు పడతాయి.

మీవాడు చూసిన పని తేలికైనది కాదు. కారు రేకు మందం దాదాపు 0.8 మిల్లీమీటర్లు. కరెంటు కాస్త ఎక్కువైతే చిల్లు పడుతుంది, ఒకే గీతగా వెల్డింగ్ లాగితే వేడికి రేకు వంకర తిరుగుతుంది. అందుకే సీవోటూ వెల్డింగ్ మెషీన్‌లో సన్న వైరు పెట్టి, ఇక్కడొక ట్యాక్ (చిన్న చుక్కంత వెల్డింగ్), అక్కడొక ట్యాక్ వేస్తూ, చల్లారనిస్తూ మధ్య ఖాళీలు పూడుస్తారు. అంతకు ముందు తుప్పును గట్టి ఇనుము తగిలేదాకా కోయాలి. వెల్డింగ్ వేడికి వెనక వైపు పెయింట్ కాలిపోతుంది కాబట్టి లోపల ప్రైమర్, వ్యాక్స్ పట్టించకపోతే తుప్పు అక్కడినుంచే మళ్లీ మొదలవుతుంది. రన్నింగ్ బోర్డు బండి బలాన్ని మోసే భాగం, పైపై అతుకు అక్కడ పనికిరాదు. కొత్త కార్లలోని హై స్ట్రెంత్ స్టీలును ఇష్టమొచ్చినట్టు కోసి అతకకూడదు, కంపెనీ చెప్పిన పద్ధతిలోనే మార్చాలి. ఇది తెలియని మేస్త్రీలు చాలామంది ఉన్నారు. చదువుకున్న కుర్రాడికి ఇక్కడే చోటు ఉంది.

ఒక నిజం కూడా చెప్పాలి. తుప్పుకు ఇన్సూరెన్స్ రాదు. కస్టమర్ సొంత జేబులోంచి ఇవ్వాలి కాబట్టి బేరమాడతాడు, షెడ్డువాళ్లు తుప్పు మీదే పుట్టీ పూసి పంపేస్తారు. కొన్నాళ్లకు అది మళ్లీ ఉబ్బుతుంది. అందుకే ఒక్క ప్యాచ్ పనినే నమ్ముకోవద్దు. యాక్సిడెంట్ బండ్ల డెంటింగ్ (సొట్టలు తీయడం), పెయింటింగ్ కూడా రావాలి.

అయినా, వాణ్ణి ఇప్పుడే జీతానికి షెడ్డులో పెట్టకండి, వయసు చాలదు. ఐటీఐలో మెకానిక్ ఆటో బాడీ రిపేర్ ఏడాది ట్రేడు, పది పాసైతే చాలు. దగ్గర్లో లేకపోతే వెల్డర్ ట్రేడు, అదీ ఏడాదే. తర్వాత 1961 అప్రెంటిస్ చట్టం కింద ఏదైనా కంపెనీ సర్వీస్ సెంటర్ బాడీ షాపులో స్టైపెండుతో పని నేర్చుకోవచ్చు. వెల్డర్ సర్టిఫికెట్ ఉంటే రైల్వే, సింగరేణి అప్రెంటిస్ నోటిఫికేషన్లకూ దరఖాస్తు చేయొచ్చు. గల్ఫ్‌లో డెంటర్ పని మన జగిత్యాల, కరీంనగర్ వైపు వాళ్లకు తెలిసిందే. వాడు రోడ్డున పడతాడన్న భయం మీకు అక్కర్లేదు.

ఈ వారం మీరే మేనమామ షెడ్డుకు వెళ్లండి. వెల్డింగ్ చేసే ముందు బ్యాటరీ తీస్తున్నారా, పెట్రోల్ ట్యాంకు సంగతి చూసుకుంటున్నారా, పిల్లవాణ్ణి హెల్మెట్ లేకుండా ఆర్క్ దగ్గర నిలబెడుతున్నారా కళ్లతో చూడండి. గాల్వనైజ్డ్ (జింక్ పూత ఉన్న) రేకు కాల్చిన పొగ పీలిస్తే జ్వరం వస్తుందని వాడికి చెప్పండి. మంచి వెల్డింగ్ హెల్మెట్, గ్లోవ్స్ కొనివ్వండి. ఆ ఖర్చు మీ జేబులోంచే పెట్టండి, మేనమామ మీద వదిలేయకండి.