చందమామ సీరియల్స్‌తో పెరిగినవాళ్లు ఇంగ్లీషు ఫాంటసీ, సైన్స్ ఫిక్షన్ దేనితో మొదలుపెట్టాలి?

గుంటూరు నుంచి మీరు అడిగింది ఇదీ: చిన్నప్పుడు చందమామ ఒక్క సంచిక వదల్లేదు, ఇంగ్లీషు నవల మాత్రం ఒక్కటీ చివరిదాకా చదవలేదు, ఇప్పుడు ఫాంటసీ, సైన్స్ ఫిక్షన్ చదవాలనుంది, ముందు ఏది పట్టుకోవాలి అని. నాదీ ఇంచుమించు అదే దారి. ఊరు బెజవాడ, చదివింది తెలుగు మీడియం. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

టోల్కీన్ రాసిన లార్డ్ ఆఫ్ ద రింగ్స్‌తో మాత్రం మొదలుపెట్టకండి. నేను అలాగే మొదలుపెట్టాను. ఇంటర్ అయిపోయిన వేసవిలో లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల కొట్లో మొదటి భాగం దొరికితే సంబరంగా కొని తెచ్చుకున్నాను. వంద పేజీలు దాటేసరికి ఊళ్ల పేర్లు, వంశాల పేర్లు, మధ్యమధ్యలో పాటలు, ఎవరెవరో గుర్తుండక అటకెక్కించేశాను. ఎనిమిదేళ్ల తరవాత మళ్లీ దించి చదివితే ఆ పాటల దగ్గరే ఎక్కువసేపు ఆగిపోయాను. చాలా గొప్ప నవల, కానీ కొంచెం అలవాటు అయ్యాక చదవాల్సింది. టోల్కీన్‌నే ముందు చదవాలని మీకుంటే 1937లో పిల్లల కోసం రాసిన హాబిట్ తీసుకోండి.

నన్నడిగితే అర్సులా లెగ్విన్ రాసిన 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ'. 1968లో వచ్చింది. చిన్న పుస్తకం, రెండు ఆదివారాల్లో అయిపోతుంది. అందులో లోకమంతా దీవులే. ప్రతి మనిషికీ, ప్రతి వస్తువుకీ ఒక అసలు పేరుంటుంది. ఆ పేరు తెలిసినవాడికి దాని మీద పట్టు దొరుకుతుంది. అందుకని మనుషులు అసలు పేరు దాచుకుని, పిలుపు పేరుతో బతుకుతారు. ఇది చదువుతుంటే నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఆవిడ తాతయ్య పేరు జన్మలో పలకలేదు. రేషన్ కార్డు కోసం ఎవరైనా వచ్చి అడిగితే పక్కింటి పిల్లాడి చేత చెప్పించేది. రాత్రిపూట పామును పాము అననిచ్చేది కాదు, 'పురుగు' అనాలి. పేరు పలికితే అది వింటుందని, వస్తుందని ఆవిడ నమ్మకం. ఇలాంటి ఇంట్లో పెరిగినవాళ్లకి ఎర్త్‌సీలో మంత్రం ఎలా పనిచేస్తుందో ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

గెడ్ అనే కుర్రాడు తోటి విద్యార్థి మీద పంతం కొద్దీ చేయకూడని మంత్రం చేస్తాడు. దాంతో ఒక నీడ ఈ లోకంలోకి వచ్చి పడుతుంది. దాన్ని ఆపబోయి గురుకులానికి పెద్దయిన ముసలి మాంత్రికుడు ప్రాణం పోగొట్టుకుంటాడు. అక్కడి నుంచి నీడ గెడ్‌ని తరుముతుంది. తరవాత ఏం జరుగుతుందో చెప్పను. అన్నట్టు, గెడ్‌ది రాగి రంగు ఒళ్లు. లెగ్విన్ కావాలనే అలా రాసింది. చాలా అట్టల మీద తెల్లవాడిగా బొమ్మ వేశారు, ఆవిడ దాన్ని గట్టిగానే తప్పుపట్టింది. మీకు దొరికిన పుస్తకం మీద అలాంటి బొమ్మ ఉంటే పట్టించుకోకండి.

ఇంగ్లీషు భయం గురించి ఒక మాట. ఈ రకం నవలల్లో రచయిత కల్పించిన మాటలు చాలా ఉంటాయి. అవి ఏ నిఘంటువులోనూ దొరకవు. లండన్‌లో పుట్టినవాడు కూడా మొదటి పేజీలో మనలాగే తడుముకుని, ముందు వెనకలు చూసి అర్థం చేసుకోవాల్సిందే. ఆ పని మనం చందమామలోనే నేర్చుకున్నాం. శిథిలాలయంలో శిఖిముఖి, విక్రమకేసరి ఏ అడవిలో ఉన్నారో, ఎదురుపడ్డవాడు ఎవడో మనకి ముందే ఎవరు చెప్పారు? చదువుతూ పోయాం, తెలిసింది. ఇక్కడా అంతే. ప్రతి మాటకీ ఫోన్ తీసి అర్థం వెతకొద్దు. పేజీకి మూడు మాటలు తెలియకపోయినా కథ ఆగదు.

రెండోది ఫ్రాంక్ హెర్బర్ట్ 'డ్యూన్', 1965 నాటిది. లావు పుస్తకమే, అయినా రెండో స్థానంలో పెడుతున్నాను. నేను దీన్ని మే నెలలో చదివాను. కాలవలు కట్టేశారు, ఏలూరు కాలవ అడుగు మట్టి బీటలు తీసి ఉంది, మధ్యాహ్నం మూడింటికి కరెంటు లేదు. కథేమో చుక్క నీరు లేని ఎడారి గ్రహం మీద. అక్కడివాళ్లు వేసుకునే దుస్తులు ఒంటి చెమటని పట్టి, వడగట్టి, మళ్లీ తాగడానికి ఇస్తాయి. మా అమ్మమ్మగారిది మాచర్ల వైపు. బియ్యం కడిగిన నీళ్లు కుడితిలోకి, స్నానం చేసిన నీళ్లు కరివేపాకు చెట్టుకి. ఒక్క చెంబు వృథా పోయినా ఊరుకునేది కాదు. ఆ ఎడారి జనం నాకు వెంటనే తెలిసినవాళ్లయిపోయారు.

ఒక ఘట్టం ఉంది. ఎడారి నాయకుడు స్టిల్గర్, కొత్తగా వచ్చిన ప్రభువు ముందు బల్ల మీద ఉమ్ముతాడు. చుట్టూ ఉన్నవాళ్లు అవమానం అనుకుని లేవబోతారు. తన ఒంట్లో తడిని కానుకగా ఇచ్చాడని ఆ తరవాత తెలుస్తుంది. మంచి సైన్స్ ఫిక్షన్ అంటే ఏమిటని ఎవరడిగినా నేను ఈ ఘట్టమే చెబుతాను. నీళ్లు లేవు అన్న ఒక్క విషయం మార్చాడు, దాంతో మర్యాద మారింది, ఏడుపు మారింది, చావు తరవాతి తంతు కూడా మారింది. పుస్తకం చివర పదకోశం ఉంది, మరీ చిక్కుపడితే అక్కడ చూసుకోవచ్చు. దీని తరవాతి భాగాలు నాకు అంతగా పట్టలేదు, మొదటిది ఒక్కటే చదివినా లోటేం లేదు.

లెక్కలు, యంత్రాలు ఇష్టమైతే ఆర్థర్ క్లార్క్ 'రాందెవూ విత్ రామా', 1973. మన రాముడి పేరే. 2131లో మన సూర్యుడి వైపు ఒక పెద్ద గొట్టం లాంటి నౌక వస్తుంది, పొడవు 50 కిలోమీటర్లు. బెజవాడలో ఒక కొస పెడితే రెండో కొస గుంటూరు కూడా దాటిపోతుంది. పాత్రలు పలచగా ఉంటాయి, కానీ ఆ చీకట్లోకి మనుషులు మొదటిసారి దిగే పేజీలు చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తరవాత ఎప్పుడైనా లెగ్విన్‌దే 'ద లెఫ్ట్ హ్యాండ్ ఆఫ్ డార్క్‌నెస్', 1969. ఆ గ్రహం మీద ఎవరూ శాశ్వతంగా ఆడా కాదు, మగా కాదు. ఇంగ్లీషులో వాళ్లందరినీ మగవాళ్లను చెప్పే సర్వనామంతోనే రాయడం మీద చాలా చర్చ జరిగింది, రచయిత్రి కూడా తరవాత దాని గురించి వ్యాసం రాసింది. నేను చదివేటప్పుడు మనసులో 'తను' అని మార్చుకుంటూ పోయాను. తను అన్నాడు అనాలా, అన్నది అనాలా అని క్రియ దగ్గర తట్టుకున్నాను గానీ, ఆ తట్టుకోవడంలోనే నవల నాకు బాగా దగ్గరైంది.

వీటి మధ్యలో తెలుగు ఆపకండి. మన ఎస్సారార్ కాలేజీలో పాఠాలు చెప్పిన విశ్వనాథ సత్యనారాయణ 'హాహాహూహూ' చదివారా? గుర్రం తలతో ఉన్న గంధర్వుడు లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో పడతాడు, సంస్కృతం మాట్లాడతాడు. 'విష్ణుశర్మ ఇంగ్లీషు చదువు'లో విష్ణుశర్మ, తిక్కన ఇద్దరూ రచయిత దగ్గరికి ఇంగ్లీషు నేర్చుకోవడానికి వస్తారు. రెండూ చిన్నవే. చందమామ సీరియల్స్ మళ్లీ చదవాలనిపిస్తే అవి పుస్తకాలుగా కూడా వచ్చాయి. 1954లో తోకచుక్కతో మొదలుపెట్టి వాటిని రాసిన దాసరి సుబ్రహ్మణ్యం గారి పేరు అప్పట్లో పత్రికలో వేసేవారు కాదు. నాకు పేరు తెలిసేసరికి నేను ఉద్యోగంలో చేరిపోయాను.

కొనేముందు జనవరిలో బెజవాడ పుస్తక మహోత్సవానికి ఒకసారి రండి, పాత ఇంగ్లీషు పుస్తకాల స్టాళ్లు తీరిగ్గా వెతకండి. ఎర్త్‌సీ దొరికితే నిలబడి మొదటి నాలుగు పేజీలు చదవండి. మేకలు కాసే కుర్రాడు వాటిని పిలవబోయి, ఏమిటో తెలియని మాట పలికేస్తాడు. మేకలన్నీ వచ్చి చుట్టూ మూగి వదలవు. అక్కడిదాకా చదివాక పుస్తకం మీ చేతిలోనే ఉంటే కొనుక్కోండి.