నల్లగుడ్డు మీది మచ్చకు పేరు పెట్టే ముందు

అబ్బీ,

నీ వ్యాసం చదివాను. 'కంట్లో నల్లమచ్చ కనిపిస్తే కాన్సరే కావచ్చు' అని మొదలుపెట్టావే, ముందు ఆ ముక్క కొట్టెయ్. ఇరవై ఏళ్ల కింద నేనూ ఒక పత్రికలో అచ్చం ఇట్లాగే రాసి, ప్రొద్దుటూరులో మా చిన్నమ్మకు నెల రోజులు నిద్ర లేకుండా చేశాను. ఆమె నల్లగుడ్డు మీద చిన్నప్పటి నుంచీ ఒక చుక్క ఉంది.

చివరికి నేనే ఆమెను కర్నూలు తీసుకుపోయాను. డాక్టరమ్మ కన్ను పరీక్షించే మైక్రోస్కోపుకు, అదే స్లిట్ ల్యాంప్‌కు, గడ్డం ఆనించమని, సన్నటి వెలుగు గీత వేసి చూసి, నన్నూ చూడమన్నారు. దగ్గరగా చూస్తే ఐరిస్, అంటే నల్లగుడ్డులోని రంగుపొర, నూలుపోగులు అల్లినట్టుంటుంది. జొన్నరొట్టె మీద మాడిన మచ్చ ఉంటుంది చూడు, చుక్క ఆ పోగుల మీద అట్లా పడి ఉందంతే, కింది అల్లిక చెదరలేదు. అది ఫ్రెకిల్, అంటే పైపై మచ్చ. మచ్చ లోపలి పొరలోకి దిగి అల్లికను కప్పేస్తే నీవస్, అంటే పుట్టుమచ్చ. నువ్వు రెండింటినీ కలిపేశావు. డాక్టరమ్మ కేస్ షీటులో గడియారంలా గుండ్రం గీసి, 7 దగ్గర చుక్క పెట్టి, మిల్లీమీటర్లలో కొలత రాసి, ఫోటో తీయించారు. వచ్చే ఏడు దీంతో పోల్చి చూద్దాం అన్నారు.

ఆ పోల్చడమే అసలు సంగతి, నీ వ్యాసంలో అదే లేదు. మెలనోమాను, అంటే రంగు కణాల కాన్సర్‌ను, ఎక్కువగా పట్టిచ్చేది మచ్చ పెరుగుదలే. 1981లో జాకోబియెక్, సిల్బర్ట్ అనే పరిశోధకులు ఐరిస్ గడ్డల్ని మళ్లీ పరీక్షిస్తే, మెలనోమా అనుకున్నవాటిలో చాలావరకు నీవస్‌లేనని తేలింది. 2013లో కంటి కాన్సర్ డాక్టరు కరోల్ షీల్డ్స్ బృందం నీవస్ ఉన్న 1611 కళ్లు చూసి, ఏ నీవస్ మెలనోమాగా మారే అవకాశం ఎక్కువో చెప్పింది: 40 ఏళ్లు, అంతకంటే తక్కువ వయసు, నల్లగుడ్డు ముందు రక్తం చేరడం, మచ్చ గడియారంలో 4 నుంచి 9 మధ్య కిందివైపు ఉండటం, పలచగా పరుచుకోవడం, కంటిపాప అంచున లోపలి నల్లపొర బయటికి మడతపడటం, ఈకలా చెదిరిన అంచులు. అవి ముందు జాగ్రత్త గుర్తులు, రోగ నిర్ధారణ కాదు. ఊరికే వరసపెట్టి రాశావంటే జనం అద్దం ముందు నిలబడి లెక్కపెట్టుకుంటారు.

మెలనోసైటోమాకు, అంటే కాన్సర్ కాని నల్లగడ్డకు, రెండు వాక్యాలు చాలు: కారునలుపు, గరుకు పైభాగం, ఒక్కోసారి రంగు రాలి కంటి ప్రెషర్ పెంచుతుంది. వెనక పొరలో నీటితిత్తి ఉబ్బినా ట్యూమర్‌లాగే కనిపిస్తుంది, దాన్ని అల్ట్రాసౌండ్ బయటపెడుతుంది.

మూడో పేరాలో, పాప ఒక పక్కకు లాగినట్టుంటే మెలనోమా అన్నావు. మామూలు నీవస్ కూడా లాగుతుంది, సరిచెయ్. ఇంకోటి, 'తారక' ఎందుకు నాయనా, నల్లగుడ్డు అంటే పోదా?

తిరగరాసి ఆదివారం లోపల పంపు. చిన్నమ్మకు చదివి వినిపిస్తా, ఆమె ఎక్కడ భయపడితే అక్కడ గీత పెట్టి పంపుతా.