అడ్జస్టర్‌తో మాట్లాడే ముందు ఇది చదువు

ఒరేయ్ అల్లుడూ,

యాక్సిడెంట్‌లో కారు పోతే పోయింది, నువ్వూ మీ అమ్మా బయటపడ్డారు, అది చాలు. కానీ అవతలి కారువాడి ఇన్సూరెన్స్ నుంచి అడ్జస్టర్ (క్లెయిమ్ ఎంతకి తేల్చాలో చూసే కంపెనీ మనిషి) ఎవరో ఫోన్ చేసి మర్యాదగా మాట్లాడిందనీ, 1,500 డాలర్లు ఇస్తామందనీ, తీసేసుకుంటే టెన్షన్ వదిలిపోతుందనీ రాశావే, అది మాత్రం నాకు నచ్చలేదు. మర్యాదగా మాట్లాడటం ఆవిడ ఉద్యోగంరా.

ఆవిడ పంపిన ఫారం మీద రిలీజ్ అని ఉంటుంది, అంటే ఇక క్లెయిమ్ వదులుకున్నానని రాసివ్వడం, ఓపిగ్గా కిందిదాకా చదువు. ఇప్పుడు తెలిసిన గాయాలకీ, ముందు ముందు బయటపడేవాటికీ కలిపి ఇదే ఆఖరు అన్న వాక్యం ఎక్కడో ఉంటుంది. సంతకం పెట్టాక వచ్చే నెల ఎమ్మారైలో డిస్క్ జారిందని తేలినా ఇక అడగడానికేమీ ఉండదు. టెక్సస్‌లో కేసు వెయ్యడానికి మామూలుగా రెండేళ్ల గడువుంది, వైద్యం సగంలో ఉండగా ఈ తొందరెందుకు? కారు డబ్బులు వేరు, అవి తీసుకో, కాకపోతే ఆ కాగితంలో కారు నష్టం గురించి తప్ప ఇంకేమీ లేదని చూసుకో.

రికార్డ్ చేస్తాం, రెండు ప్రశ్నలే అంటే వద్దని చెప్పు. అవతలి కంపెనీకి స్టేట్‌మెంట్ ఇవ్వాల్సిన పని నీకు లేదు (నీ సొంత కంపెనీకి మాత్రం పాలసీ ప్రకారం సహకరించాలి). హౌ ఆర్ యూ అనగానే మనం అలవాటుగా ఐ యామ్ గుడ్ అనేస్తాం, అది కూడా ఫైల్లోకెక్కుతుంది. ఎంత స్పీడులో ఉన్నావంటే అంచనాలు చెప్పకు, తప్పులో నీ వాటా ఎంత తేలిస్తే అంత కోత పడుతుంది, 50 శాతం దాటితే ఏమీ రాదు. పాత మెడికల్ రికార్డులన్నీ చూసుకోండని అనుమతి రాసివ్వకు, ఈ యాక్సిడెంట్ బిల్లులు మనమే పంపుదాం.

అసలు నా బెంగ మీ అమ్మ గురించి. ఏం కాలేదులే అని మెడకి అమృతాంజనం రాసుకుని పడుకునే రకం, అమృతాంజనానికి రికార్డు ఉండదు కదా! విజిటర్ వీసా మీద వచ్చినా ఆవిడ క్లెయిమ్ ఆవిడకుంటుంది, నీదానితో కలిపి ఒక్క సంతకంతో తేల్చేస్తామంటే ఒప్పుకోకు. నీ పాలసీలో పిప్ (పర్సనల్ ఇంజురీ ప్రొటెక్షన్) ఉందేమో చూడు, వద్దని నువ్వు రాసిచ్చి ఉండకపోతే ఉన్నట్టే, తప్పెవరిదైనా కారులో ఉన్నవాళ్ల వైద్యానికి పనికొస్తుంది.

అవతలివాడిది కనీస పాలసీ అయితే మనిషికి 30,000, మొత్తం యాక్సిడెంట్‌కి 60,000 డాలర్లే. ఇంజెక్షన్లు, సర్జరీ అన్న మాట వస్తే లాయర్ని చూద్దాం, మామూలుగా వచ్చినదాంట్లో మూడో వంతు తీసుకుంటారు. నొప్పి చిన్నదైతే లాయరెందుకు, దండగ.

ఈరోజే అమ్మని అర్జెంట్ కేర్‌కి తీసుకెళ్లు. రాత్రికి పాలసీ కాగితాలు ముందు పెట్టుకుని నాకు ఫోన్ చెయ్యి.

మామయ్య